ఇరవై రెండు ముక్కల కథ

జూన్ 3

మానసిక పరీక్షల కోర్సు వాళ్ళు రాయమన్న డైరీ వేరే ఉంది. దానికి పేజీ నంబర్లు కూడా వాళ్ళే వేసి ఇచ్చారు. అందులో "ఈరోజు నా భావాలను గమనించాను" అని రాసి పారేస్తున్నాను. ఇది ఎవరికీ చూపించేది కాదు.

ఇవాళ క్లాసులో మళ్ళీ గొడవ. సెకన్ల మేడమ్ బల్ల మీద గోధుమరంగు పెట్టె పెట్టి, "మనిషి జ్ఞాపకశక్తిని దీంతో కొలుస్తాం" అంది. (మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతుంది. ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు సీనియర్లు కూడా అలాగే అంటున్నారు.) నేను లేచి నిలబడి, కొలిచేవాడు ఎప్పుడూ కొలతకు బయటే ఉంటాడు, అన్యాయం అక్కడే మొదలవుతుంది అన్నాను. మాట నాది కాదు, ఎర్ర అట్ట కరపత్రంలో పదకొండో పేజీది.

ఆవిడ మొత్తం విని, "బాగుంది, కూర్చో. రేపు మొదట నిన్నే కొలుస్తాను" అంది. క్లాసంతా నవ్వింది. నవ్వనీ. అటుపక్క వార్డుల్లో మనుషుల నుదుటి మీద అంకెలు అంటిస్తుంటే వీళ్ళు ఇటుపక్క నవ్వుతున్నారు.

జూన్ 4

కొలిచింది. ఒక చిన్న కథ ఒక్కసారి చదువుతుంది. విని, గుర్తున్నంత మనం చెప్పాలి. అరగంట తర్వాత, మళ్ళీ వినిపించకుండానే, ఇంకోసారి చెప్పాలి. కథని ఇరవై రెండు ముక్కలు చేసి పెట్టుకున్నారు. ముక్కకి ఒక మార్కు.

గాజు సామాను అమ్మే ఒకతను మంగళవారం ఉదయం పాత వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్తుంటే ముందు చక్రం విరిగి ముప్ఫై గ్లాసులు పగులుతాయి. అటుగా వస్తున్న ఒక పంతులమ్మ నీలం గొడుగు మూసి, పెంకులు ఏరడానికి సాయం చేస్తుంది. అతను పగలకుండా మిగిలిన ఒక్క గ్లాసు ఆవిడ చేతిలో పెడతాడు. ఇంతే కథ.

నాకు పదమూడు వచ్చాయి. కరపత్రాలు పేజీ నంబర్లతో సహా అప్పజెప్పే నాకు. గొడుగు అన్నాను, నీలం అనలేదు. వంతెన అన్నాను, పాతది అనలేదు.

"పన్నెండు, పద్నాలుగు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అంతే ఉంటుంది" అంది మేడమ్. "రంగులు ఎవరికీ గుర్తుండవు."

జూన్ 7

పిన్నికి ఆసుపత్రి నుంచి ఉత్తరం.

ఇరవై ఏళ్ళు అక్కడే మందుల కిటికీ దగ్గర కూర్చుంది. వేల మంది చేతుల్లో మాత్రలు పెట్టి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాకే సుమా, అని చెప్పిన మనిషి. జనవరిలో జ్వరం వచ్చింది, అది మెదడు దాకా వెళ్ళింది, తొమ్మిది రోజులు ఒంటి మీద తెలివి లేదు. తర్వాత లేచింది. నడిచింది. నన్ను తిట్టింది కూడా. ఇంకేం కావాలి వీళ్ళకి? "ఇరవై ఆరో తేదీన మానసిక పరీక్షా విభాగంలో హాజరై, జ్ఞాపకశక్తి తగినంత ఉన్నదని తేలిన మీదట మాత్రమే విధులలో చేరవలెను."

పరీక్షా విభాగం అంటే మాదే. ఆ పెట్టే. ఆ గ్లాసులవాడే.

పిన్ని ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, "మంచిదేగా, మీ మేడమ్‌ని చూసినట్టు ఉంటుంది" అంది.

"మంచిదా? ఇది అవమానం పిన్నీ. నేను ఊరుకోను."

"నువ్వెప్పుడు ఊరుకున్నావే అగ్గిపుల్లా. ఒకటో తరగతిలో అటెండెన్సు తీసుకోవడం తప్పని హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళావు."

అమ్మ పోయాక నన్ను పెంచింది ఈవిడ. వీళ్ళకి నేను ఈవిడని అప్పగిస్తానా.

జూన్ 11

ప్రాక్టీసు కోసం బుధవారం నుంచి శుక్రవారం దాకా పెట్టె ఇంటికి తీసుకెళ్ళనిస్తారు. నలుగురు కొత్తవాళ్ళ మీద చేసి చూపించాలి. సొంత మనుషుల మీద చేయకూడదని నియమం. నియమాలు ఎవరు పెట్టారు, ఎవరి కోసం?

పిన్నికి కథ చదివి వినిపించాను. ప్రాక్టీసు మాత్రమే. నా గొంతు సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవడానికి.

"గ్లాసులు పగిలాయి పాపం" అంది. "సైకిలు. ఎవరో ఆవిడ వచ్చింది." ఆగింది. "అంతేనా, ఇంకా ఉందా?"

అరగంట తర్వాత మళ్ళీ అడిగాను.

"ఏ కథ?" అంది.

పొయ్యి మీద పాలున్నాయి, ధ్యాస అటుంది. వీధిలో ఎవరో గోడకి మేకు కొడుతున్నారు. ఇలాంటి పరిస్థితుల్లో చేసిన పరీక్ష చెల్లదని పుస్తకంలోనే ఉంది. మార్కులు వేయలేదు.

జూన్ 13

మా కోర్సులో ప్రతి విద్యార్థీ వారానికి ఒక గంట ఒక పెద్దాయన ముందు కూర్చుని తన గురించి తాను మాట్లాడాలి. ఇంకొకరి మనసు తెరిచే ముందు మనది తెరుచుకోవాలట. ఆయన ఏమీ మాట్లాడడు కనక మౌనం సారు అంటాం. గంటసేపు ఆసుపత్రుల అధికార స్వభావం గురించి చెప్పాను. చివర్లో ఆయన నోరు విప్పాడు.

"మూడు వారాలుగా మీ పిన్నిగారి మాట లేని గంట లేదు. ఇవాళ ఒక్కసారి కూడా రాలేదు."

టైము అయిపోయింది కనక లేచి వచ్చేశాను.

జూన్ 14

కథ చదివి వినిపించాను.

జూన్ 15

వినిపించాను. ఏడు ముక్కలు చెప్పింది. నేనేం నేర్పడం లేదు. చదువుతున్నాను, ఆవిడ వింటోంది. ఇంట్లో ఎవరైనా ఏదైనా చదువుకోవచ్చు.

జూన్ 17

పది. పిన్ని టీ వడపోస్తూ అడిగింది, "ఈ మనిషి రోజూ ఆ వంతెన మీదే ఎందుకు పడతాడే? ఇంకో దారే లేదా ఆ ఊరికి?"

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వు ఆగాక, "ఎవరు పడ్డారు?" అని నేనే అడిగాను. పిన్ని నా మొహంలోకి చూసింది, పుస్తకంలో పేజీ కోసం వెతికినట్టు. "గాజు... గాజు సామాను అతను" అంది. అంది. చెప్పింది.

జూన్ 20

పదిహేను. నీలం గొడుగు వచ్చింది.

పెట్టె ఇంట్లో శుక్రవారం వరకే ఉండాలి, అందుకని కథ ముందే కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితాలు బయటికి పోకూడదని మేడమ్ ఎంత చెబుతుందో. తాళం వేసిన జ్ఞానం ఎవరి సొత్తు? (ఏడో పేజీ.) వాళ్ళు పిన్ని మీద తయారుచేసిన ఆయుధాన్ని నేను పిన్ని చేతికి ఇస్తున్నాను. అంతే. దీన్ని ఎవరైనా తప్పంటే నా ముందుకొచ్చి అనమనండి.

జూన్ 24

ఇరవై ఒకటి. కళ్ళు మూసుకుని, తడబడకుండా. మధ్యలో ఏదో అడిగితే మాత్రం మళ్ళీ మంగళవారం ఉదయం నుంచి మొదలుపెడుతోంది.

పొద్దున కుళాయి కట్టేయడం మరిచిపోయింది. ఎవరు మరిచిపోరు?

జూన్ 26

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. బంధువుని కనక లోపలికి రానివ్వలేదు. గంటంపావు.

పిన్ని బయటికొచ్చి, నా చెయ్యి పట్టుకుని, "బాగా చెప్పానే. ఒక్క ముక్క పోయినట్టుంది" అంది. చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. పెళ్ళిచూపుల్లో కూర్చుని వచ్చినట్టుందని నేనంటే, "నీకేం తెలుసు, నేనే కూర్చోలేదు" అంది.

గెలిచాం.

జూన్ 28

రిపోర్టు మీద మేడమ్ సంతకం పెట్టలేదు. "ఇంకోసారి కూర్చోవాలి" అని పెన్సిలుతో రాసి పక్కన పెట్టింది. సోమవారం పిన్ని కిటికీ దగ్గర చేరాల్సి ఉండగా.

నేను తలుపు కొట్టకుండా లోపలికి వెళ్ళాను. ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయను. మార్కులు తక్కువొస్తే పంపించేస్తారు, ఎక్కువొస్తే అనుమానిస్తారు, మనిషి ఏ వైపు పడితే మీకు తృప్తి అన్నాను. గొంతు కారిడారంతా వినిపించిందట.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ పిన్నికి మంచినీళ్ళు ఇచ్చాను" అంది. "తాగింది. పది నిమిషాల తర్వాత, నీళ్ళు తాగారా అని అడిగితే, ఇవ్వలేదుగా మేడమ్‌గారూ అంది."

"దాహం వేయలేదేమో."

"ఏమో" అంది మేడమ్. "ఇంటికెళ్ళు. కోపం తగ్గాక రా. నేను ఆరింటిదాకా ఇక్కడే ఉంటాను, రోజూ."

కోపం తగ్గదు.

జూన్ 29, ఆదివారం

తలనొప్పి. నిన్నటి అరుపుల ఫలితం.

పది గంటలకి పిన్ని మాత్ర తెచ్చింది. అరచేతిలో పెట్టి, రెండో చేత్తో గ్లాసు పట్టుకుని, "తిన్నాకే సుమా, ఏమైనా తిన్నావా" అంది. వేసుకున్నాను. నుదురు తడిమి వెళ్ళింది.

పదింబావుకి మళ్ళీ తెచ్చింది. మాత్ర, గ్లాసు. "తిన్నాకే సుమా."

"ఇప్పుడేగా ఇచ్చావు."

"నేనా? ఎప్పుడు?"

నేను తీసుకున్నాను. దిండు కింద పెట్టాను. పన్నెండు లోపల ఇంకో రెండుసార్లు వచ్చింది. ప్రతిసారీ అదే నడక, అదే చెయ్యి, నుదుటి మీద అదే తడమడం. ఏ ఒక్కసారీ ప్రేమ తగ్గలేదు. నేను అడ్డు చెప్పకపోతే సాయంత్రానికి ఆ డబ్బా అంతా ప్రేమగా నా చేత మింగించేది.

దిండు కింద మూడు మాత్రలున్నాయి. మేడమ్ సంతకం పెట్టి ఉంటే రేపు కిటికీకి అవతల నిలబడేది ఎవరో ముసలాయన. చంటిపిల్లని ఎత్తుకున్న ఎవరో తల్లి. వాళ్ళకి దిండు కింద పెట్టుకోవాలని తెలియదు.

జూన్ 11 ఎంట్రీ మళ్ళీ చదివాను. మార్కులు వేయలేదని రాశాను. వేశాను. ఐదు. అరగంట తర్వాత సున్నా. ఆ కాగితం చింపి టీ పొడి డబ్బా వెనక పడేశాను. ఇంకా అక్కడే ఉంది.

జూన్ 30

తలుపు కొట్టి వెళ్ళాను. నిలబడే చెప్పాను. ఎన్నిసార్లు చదివి వినిపించానో తేదీలతో సహా.

మేడమ్ పిన్ని రిపోర్టు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, "ఇరవై ఆరేళ్ళుగా ఈ కథ చదువుతున్నాను" అంది. "ఎవరూ ఇరవై ఒకటి చెప్పలేదు. జడ్జీలు చెప్పలేదు, లెక్కల ప్రొఫెసరు చెప్పలేదు. మీ పిన్ని కథ చెప్పలేదమ్మా, అప్పజెప్పింది. అది తెలియకపోతే నేనీ కుర్చీలో ఎందుకు?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు నాతో పోట్లాడేదానివి. పోట్లాటలో నువ్వే గెలుస్తావు. మీ పిన్ని కిటికీ దగ్గర కూర్చునేది."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అప్పుడు అసలు దెబ్బ కొట్టింది, గొంతు పెంచకుండానే. ఈ కథ ఇక పిన్నికి పనికిరాదు. ఎన్నేళ్ళు గడిచినా, పిన్ని నిజంగా ఎంత కోలుకుందో ఈ కథతో తెలుసుకోలేం. ఒక మనిషిని చూసే ఒక కిటికీని నేను లోపలి నుంచి రంగు పూసి మూసేశాను. రెండో కథ ఇంకో ఆసుపత్రి నుంచి తెప్పించాలి. మూడు వారాలు. మూడు వారాల పాటు పిన్నికి సాయం ఏం కావాలో ఎవరికీ తెలియదు. నేను పిన్నిని రక్షించానని అనుకున్న ప్రతిరోజూ ఆవిడ చికిత్సలోంచి ఒక రోజు తీసేశాను.

నాకు: ఆరు నెలలు పెట్టె ముట్టుకోకూడదు. ఒక సెమిస్టరు వెనక్కి.

"తీసేస్తారనుకున్నాను" అన్నాను.

"తీసేస్తే ఇంకోచోట చేరతావు. అక్కడా ఇదే చేస్తావు" అంది. "ఇక్కడ కూర్చుని నేర్చుకో."

జూలై 1

పిన్నికి చెప్పాలి. పొద్దున మొదలుపెట్టి మూడుసార్లు మానేశాను. చివరికి ఆవిడ బట్టలు మడతపెడుతుంటే దుప్పటి రెండో కొస పట్టుకుని చెప్పాను. నీ జ్ఞాపకం సరిగ్గా లేదు పిన్నీ, నాకు ముందే తెలుసు, కథ నీకు కావాలనే నేర్పాను, నువ్వు నెగ్గాలని.

పిన్ని దుప్పటి వదల్లేదు.

"నేను నెగ్గాలనా? నీ పరీక్ష అనుకున్నానే" అంది.

"నా పరీక్షా?"

"మరి? రోజూ పుస్తకం పట్టుకుని కూర్చుంటావు, నేను తప్పు చెబితే నీ మొహం మాడిపోతుంది. పిన్ని సరిగ్గా చెప్పకపోతే పిల్లకి మార్కులు పోతాయి కాబోలు అనుకున్నాను. మీ మేడమ్ ముందు నీ పరువు తీయకూడదని స్నానాల గదిలో కూడా వల్లించాను. నీలం గొడుగు, నీలం గొడుగు అని. పక్కింటావిడ కొత్త గొడుగు కొన్నావా అనడిగింది."

నవ్వు వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఏది ముందో తెలియదు.

"మరి కిటికీ?" అన్నాను. "సోమవారం వెళ్ళి కూర్చునేదానివేగా?"

"కూర్చునేదాన్ని కాదు." దుప్పటి నా చేతిలోంచి తీసుకుని సగానికి మడిచింది. "నాకు తెలియదా. పొయ్యి ఆపానో లేదో నాలుగుసార్లు చూసొస్తాను. ఇరవై ఏళ్ళు మందులిచ్చినదాన్ని, ఎవరి చేతిలో ఏం పెడుతున్నానో తెలియకుండా అక్కడ కూర్చుంటానా? ఆ పొద్దున తలనొప్పి అని పడుకుందామనుకున్నాను. ఆ మాట గుర్తుండాలని అద్దం వెనక రాసి పెట్టుకున్నాను కూడా."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీతోనా?" అంది. చాలా మెల్లగా అంది. తిట్టినా బాగుండేది. "నాకు గుర్తుండటం లేదే అంటే నువ్వు ఊరుకుంటావా? గుర్తుంది అంటావు. లేదంటే డాక్టరుది తప్పంటావు. ఆసుపత్రి మీదకి యుద్ధానికి వెళ్తావు. నాకు మతిమరుపని ఒప్పుకునే మనిషి ఈ ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు?"

వెళ్ళి అద్దం వెనక చూశాను. పిన్ని గుండ్రటి అక్షరాలు, మందుల కవర్ల మీద రాసే అక్షరాలు. "సోమవారం వెళ్ళకు. పిల్లకి నెమ్మదిగా చెప్పు."

జూలై 4

మౌనం సారు దగ్గర గంటంతా ఏడ్చాను. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మొదటిసారి అది బాగుంది.

జూలై 21

రెండో కథ వచ్చింది. అందులో ఏముందో నాకు తెలియదు. తెలుసుకోను.

పిన్ని లోపల ఉన్నంతసేపూ బెంచీ మీద నా పని నేను చేశాను. పెట్టె లేదు కనక ఇప్పుడు నా పని అది: ఎదురుచూసేవాళ్ళ పక్కన కూర్చోవడం, వాళ్ళు మాట్లాడితే వినడం. ఒక పెద్దమనిషి తన భార్య గురించి అరగంట చెప్పాడు. నేను మధ్యలో ఒక్కసారి కూడా "అది మీ తప్పు కాదు" అనలేదు. చాలా కష్టం.

ఆరు ముక్కలు. అరగంట తర్వాత రెండు.

రిపోర్టు రోగికి చదివి వినిపించాలని నేను అడిగాను. ఎర్ర అట్ట కరపత్రంలో ఆ ఒక్క మాటని ఇప్పటికీ నమ్ముతాను. మేడమ్ ఆలోచించి, సరే, నేనే చదువుతాను అంది. పిన్ని చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. కొత్తగా విన్నవి నిలవడం లేదు. పాతవి భద్రంగా ఉన్నాయి. చేతి పని బాగుంది. తెలియనిదాన్ని తెలియదని చెబుతుంది, కల్పించి చెప్పదు. ఇది మంచి సూచన. మందులు ఇచ్చే పని ప్రస్తుతం తగదు. వారానికి మూడు రోజులు జ్ఞాపకశక్తి శిక్షణ ఇవ్వాలి, ఇంకో పని చూడాలి.

"తగదు" అన్నచోట నేను కిటికీ వైపు చూశాను. పిన్ని నా మోకాలి మీద చెయ్యి వేసింది. నన్ను ఊరుకోబెట్టడానికి.

"బాగా రాశారు మేడమ్‌గారూ" అంది. "ఇది నేనే. కాకపోతే చదివిందంతా ఇంటికెళ్ళేసరికి మరిచిపోతాను. ఒక కాపీ ఇస్తారా?"

మేడమ్ నవ్వగా మొదటిసారి చూశాను.

ఆగస్టు 11

పిన్ని ఇవాళ పనిలో చేరింది. అదే ఆసుపత్రి, బట్టల గది. దుప్పట్లు, దిండు గలీబులు మడతపెట్టి వార్డులకి పంపడం. పక్కన ఇంకొక ఆవిడ ఉంటుంది. తప్పు జరిగినా ఎవరి ప్రాణం మీదకీ రాదు.

పొద్దున చీర మూడుసార్లు మార్చింది. మందుల కిటికీ ముందు నుంచే బట్టల గదికి దారి. అక్కడ ఇప్పుడు ఎవరో కుర్రాడు కూర్చుంటున్నాడు. పిన్ని ఆగి, క్యూలో ఉన్న ముసలాయనతో, "తిన్నాకే సుమా" అని చెప్పి ముందుకు నడిచింది. ఆయనకి ఏ మందు ఇచ్చారో ఈవిడకి తెలియదు. ఆయన మాత్రం తలూపాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "ఇవాళ ఏం జరిగిందో అడుగు. అడగాలని మీ మేడమ్ చెప్పిందిగా" అంది.

"ఏం జరిగింది?"

కుర్చీలో కూర్చుంది. కళ్ళు మూసుకుంది. ఏం జరిగిందో నాకు చాలా తెలుసు. మధ్యాహ్నం వెళ్ళి తొంగి చూశాను. నూట ఇరవై దుప్పట్లు మడిచారని తెలుసు, పక్కనావిడ ఊరేదో తెలుసు, ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారని తెలుసు. నోటి చివరికి వచ్చింది. ఒక్క ముక్క అందిస్తే చాలు, పిన్ని దాన్ని పట్టుకుని లేచేది.

అందించలేదు.

గోడ అవతల ఎవరో కుర్చీ జరిపారు. పిన్ని పెదవులు కదిలి ఆగాయి. పుట్టి బుద్ధెరిగాక ఇంతసేపు నోరు మూసుకుని నేనెప్పుడూ కూర్చోలేదు.

"ఒకావిడ నవ్వింది" అంది పిన్ని, కళ్ళు తెరవకుండానే.

"ఎందుకు?"

"అది తెలియదే." ఇంకాసేపు వెతికింది. వెతికి, కళ్ళు తెరిచి, నన్ను చూసింది. "నవ్వించింది మాత్రం నేనే."